తెగిన టేపు

సోనాపూర్ రేవులో చేపల కాటా ఎక్కాను.
యాభై ఆరు కిలోల రెండొందలు.
"కిలో ఎంతకిస్తావే?" అన్నాడు కమీషను కుర్రాడు
ఐసు ముక్క చప్పరిస్తూ.
నేను నవ్వలేదు. అంకె అరచేతిలో రాసుకున్నాను.
బల్ల పొడవు ముందు ఒంటి బరువుని అడుగుతుంది,
ఆ తర్వాత గాలిని.

గాలిపటం ఉంది. తొమ్మిది మీటర్లది.
గోపాల్‌పూర్‌లో ఎవరో చింపుకుని వదిలేస్తే
ఇచ్ఛాపురం దర్జీ షామియానా దారంతో కుట్టాడు.
దాని కింద కాళ్లు పెట్టుకోడానికే
ఇప్పుడీ లెక్కలన్నీ.

బాహుదా సముద్రంలో కలిసే చోట
ఇసక మేటకి లోపల, నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి.
అక్కడికైతే వంపు లేని బల్ల చాలు,
సన్నగాలికే జారిపోతుంది.
మేట దాటామా, కెరటం మీద కెరటం ఎక్కి విరుగుతుంది;
ముక్కు లేవని బల్ల నీట్లో గుచ్చుకుంటుంది,
మనిషి మాత్రం ముందుకి పోతుంది.
రెంటికీ ఒకటే బల్ల కావాలి నాకు.
రెండోదానికి ప్లైవుడ్డు లేదు.

ఒడియా కేలండరు కింద గోడ మీద మూడు రాత్రులు:
పొడవు నూట ముప్పై ఆరు.
వెడల్పు నలభై. కాదు, నలభై ఒకటి.
వెడల్పు పెంచితే తొందరగా తేలుతుంది,
పెద్దగాలిలో మాత్రం అంచు నీటిని కొరకదు.
తగ్గించాను. వైశాఖం మధ్యాహ్నాలు తలుచుకుని
మళ్లీ పెంచాను.
పెన్సిలు కింద సున్నం రాలి
అమ్మ పరుపు మీద పడింది.

తవిటయ్య తాత వచ్చి గుమ్మంలో కూచున్నాడు.
తెప్ప దుంగలు చెక్కిన చెయ్యి, ఇప్పుడు వణుకుతుంది.
"టేపెందుకే గుంటా? నాను జానతో కొలిసీవోణ్ణి."
"నా జాన నీ జానకంటే రెండేళ్లు తక్కువ కదా తాతా?"
"అయితే ఏటి, నీ తెప్ప నీ అంత ఉంటాది"
అని, బీడీకట్టకి డబ్బులడిగాడు.

పలచని పలకలు రెండు, మధ్య జిగురు,
కొసల కింద ఇటుకలు,
నడుం మీద చెడిపోయిన బోటింజను.
వంపు తాతే చూశాడు, వేళ్లు అడ్డం పెట్టి:
రాత్రి మూడు వేళ్లు వంచాం,
పొద్దున్న ఇంజను దించితే రెండే మిగిలాయి.
తిన్నగా ఉన్న రోజులు చెక్క ఇంకా మర్చిపోలేదు.

పాదాల ఎడం ఏ లెక్కా చూసి పెట్టలేదు.
వల లాగేటప్పుడు ఎలా నిలబడతానో అలా నిలబడి
మడమల చుట్టూ పెన్సిలు తిప్పాను.
నీలం డ్రమ్ము కోసి నాలుగు రెక్కలు.
లారీ బెల్టు కోసి రెండు పట్టీలు.

ఫైబరు పూయించడానికి మోహనో షెడ్డుకి మోసుకెళితే
అతను కొత్త టేపు లాగి చూసి
"నూట ముప్పై మూడు" అన్నాడు.
నూట ముప్పై ఆరన్నాను.
మళ్లీ లాగాడు.
వెడల్పు ముప్పై ఎనిమిది.

నా టేపు తీసి చూశాం.
కొస రేకు ఎప్పుడో ఊడిపోయింది,
దాంతోపాటే మొదటి మూడు సెంటీమీటర్లూ.
ఉప్పు తిన్న చోట అంకెలు కనబడవు,
నేను చూడనూ లేదు.
మూడు రాత్రుల లెక్కలో తప్పు లేదు,
మొదలే లేదు.
సరిగ్గా వచ్చినవి రెండే:
తాత వేళ్లు కొలిచిన వంపు,
నా కాళ్లు కొలుచుకున్న ఎడం.

మొదటి రోజు సన్నగాలి.
లోపలి నీళ్లలో మోకాళ్లదాకా దిగబడి
బల్ల మీద కాక బురదలో నిలబడ్డాను.
గట్టు మీద పిల్లలు ఈల వేశారు.
నాలుగో రోజు నైరుతి ముదిరింది,
మేట మీద ఇసక లేచి కాళ్లకి తగులుతోంది.
అంచు కొరికింది.
విరిగే కెరటం మీదికి ముక్కు లేచింది,
ఎడమకి ఎంత దూరం పోయానో
తిరిగి నడిచొచ్చేసరికి తెలిసింది.
కుడికి ఇంకా తిరగడం రాదు.

ఇంటికొచ్చి గోడ మీద నలభై ఒకటిని కొట్టెయ్యలేదు.
దాని పక్కన సన్నగాలి అని రాశాను.
కింద ముప్పై ఎనిమిది వేసి, నైరుతి.
టేపు మేకుకి తగిలించాను.
వాడేవాళ్లు మూడు తీసెయ్యాలి.