అగ్గిపెట్టె మూసిన క్రేన్

ఈ ఊళ్లో కొంగకీ క్రేన్‌కీ ఒకటే పేరు.
జురావ్.
పైనెక్కడో ఏదో కీచుమంటే
గ్దాన్స్క్ పిల్లలు
ముందు ఆకాశంకేసీ తర్వాత ఓడల యార్డుకేసీ చూస్తారు.

మాది తొమ్మిదో నంబరు.
పట్టాల మీద నడిచే రెండు కాళ్లు,
కాళ్ల మీద అడ్డదూలం,
దూలం కింద పాకే అద్దాల గది.
గదిలో బొగుమీలా.
కింద నేను, చేతులతో మాట్లాడేవాణ్ణి.

చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని,
అరచెయ్యి నేలకేసి ఊపితే దించమని,
పిడికిలి బిగిస్తే ఆగమని.
రేడియో ఇచ్చారు గానీ
సముద్రపు గాలికి అది పెనం మీద నూనెలా చిటపటలాడుతుంది.
పదకొండేళ్లుగా చేతులే.

నేను చేరిన చలికాలం
ఫోర్‌మన్ ఇసకలో సగం తెరిచిన అగ్గిపెట్టె నిలబెట్టాడు.
లారీ ముందుభాగమంత కొక్కెం
డెబ్బై మీటర్ల ఎత్తు నుంచి దిగింది, దిగింది,
పిల్లి ముట్టెతో గిన్నె నెట్టినట్టు
లోపలి అరని నెట్టి ఆగింది.
టిక్.
ఒక్క పుల్లా విరగలేదు.
ఫోర్‌మన్ అందులోంచే ఒకటి గీసి సిగరెట్ ముట్టించుకున్నాడు,
నావైపు చూడనైనా చూడకుండా.

ఓడ ముక్కు నాలుగు వందల ఇరవై టన్నులు.
ఎన్ని ఏనుగులో లెక్కకట్టే పని ఫొటోలు తీసుకోడానికి వచ్చేవాళ్లది.
నేను చూసేది తీగల్ని.
అవి బిగుసుకుంటాయి, మూలుగుతాయి,
వాటికంటిన నీళ్లు తుంపరై రాలతాయి.
అప్పుడు ఉక్కుకీ నేలకీ మధ్య
కాగితమంత వెలుతురు దూరుతుంది.
జీతం సంగతి అటుంచండి,
ఆ కాగితం కోసమే ఇన్నేళ్లూ పొద్దున్నే లేచాను.

నది ఒడ్డున పాతకాలపు చెక్క క్రేన్ ఉంది.
పెద్ద చక్రంలో మనుషులు నడిచేవాళ్లట,
అడుగు అడుగుకీ తాడు చుట్టుకునేదట.
రోజంతా నడిచి ఎక్కడికీ చేరని ఆ నడక
ఇప్పుడు బొగుమీలా బొటనవేలి కింద ఉంది.

మధ్యాహ్నం పన్నెండుకి సన్నతాడు మీద
రేకు డబ్బా ఒకటి దిగేది.
క్యాబేజీ సూప్ పోసి మూత బిగించేవాణ్ణి.
ఆ పెద్ద క్రేన్ కడుపులో ఇంకో చిన్న క్రేన్.
డబ్బాలో ఎప్పుడైనా ఒక మిఠాయి ఉండేది,
ఎందుకో అడగలేదు.
అడగడానికి నాకు సంకేతం లేదు.

చివరి రోజు లిఫ్ట్ పాడైంది.
మెట్ల మీదుగా దిగింది, నిలిచి నిలిచి.
పొడుగనుకున్నాను.
నా భుజం దాకా కూడా లేదు.
నా మొహం చూడలేదు, ముందు నా చేతులు చూసింది.
ఏదో అనబోయాను.
మాటకి బదులు పిడికిలి లేచింది.
అలవాటు.
ఆమె ఉన్నచోటే ఆగిపోయింది.
అదీ అలవాటే.

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది.
పిడికిలి విప్పాను.

సోమవారం పైన కొత్త కుర్రాడు, విటోల్డ్.
కొక్కెం తాగినవాడిలా తూలుతోంది.
ఇసకలో అగ్గిపెట్టె నిలబెట్టాను.
మూడు నలిగాయి.
జేబులో నాలుగోది ఉంది.