ఇరవైమూడు జీబీల పాత

పిడుగు పడిన మర్నాడు
ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో సగం కొట్లు చీకటి.
మా నీలమణి డీటీపీలో
సిస్టం లేచింది, నీలం ముఖం పెట్టింది, మళ్ళీ పడుకుంది.
అర్ధరాత్రి దాకా కూచుని కొత్త విండోస్ ఎక్కించాను.
తెల్లారి చూస్తే సున్నం వేసిన గోడలా ఉంది తెర.
సి డ్రైవు కింద మాత్రం ఎర్రగీత.

ఏటా అని తవ్వితే
పాతది ఎక్కడికీ పోలేదు.
ఒక ఫోల్డరులో ముడుచుకుని కూచుంది,
పెళ్ళయ్యాక ఎవరూ విప్పని పందిరిలా,
ఇరవైమూడు జీబీలు.

డిలీట్ కొట్టాను.
అనుమతి కావాలంది.
"ఓనర్ని నానే!" అన్నాను పైకే.
టీ గ్లాసులు ఏరుకునే కుర్రాడు తిరిగి చూశాడు.
అద్దె కట్టేది నేను, కరెంటు బిల్లు నా పేరున,
అడ్మినిస్ట్రేటరు అని నా బొమ్మ కిందే రాసుంది.
అయినా ఎస్, ఒకటి, అయిదు, ఇరవైఒకటి అని
ఎవరో బారెడు అంకె,
వాడు ఊఁ అనాలట.

పేరు చెరిగి నంబరు మిగిలింది గానీ
ఆ అంకె ఎవరో నాకు తెలీదా.
తవిటినాయుడు.

ఎదురుగానే అతని కొట్టు.
లామినేషన్ మిషను దగ్గర మాటా మాటా వచ్చి
మౌసు తీగ చేతికి చుట్టుకుని
ఇంకేమీ అడక్కుండా రోడ్డు దాటాడు.
మూడేళ్ళుగా మా మధ్య
పాలకొండ బస్సులు తిరుగుతున్నాయి.

కొన్ని ఫైళ్ళకి అతని అనుమతీ చాలదు.
ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ ఒప్పుకోవాలి.
మన మాటలో అయితే, నమ్మకంగా పెట్టినవాడు.
నవ్వొచ్చింది.
కొట్టు అడ్వాన్సుకి వాళ్ళ జీడితోట కౌలు డబ్బు
గుడ్డసంచీలో తెచ్చి ఈ బల్లమీదే లెక్కపెట్టాడు.
నవ్వు ఆగింది.

నల్లతెర తెరిచాను.
యాజమాన్యం లాక్కోడానికి ఒక్క వరస చాలు,
తాసిల్దారు సంతకం అక్కర్లేదు, సాక్షులక్కర్లేదు,
స్పేసులు సరిగ్గా పడాలంతే.
సక్సెస్, సక్సెస్ అంటూ
ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా ఊపిరాడకుండా పైకి పాకాయి పేర్లు:
కూర్మమ్మ పెదకర్మ కార్డు. తేదీ దిద్దిన కూర్మమ్మ పెదకర్మ కార్డు.
మెట్టవీధికి కాలవ తవ్వించమని అర్జీ, నలుగురు కలెక్టర్లకి,
పైన పేరు మార్చి.
తవిటి కొత్త. తవిటి కొత్త రెండు.
తవిటి ఇదే ఫైనల్.
తవిటి ఇదే ఫైనల్ ఒట్టు.

తర్వాతి వరసలో వాటినన్నిటినీ చెరిపాను.
ఎర్రగీత నీలమైంది.
టీ చెప్పాను.

సాయంత్రం దూసి నుంచి శుభలేఖకి వచ్చారు.
"పైన ఆ శ్రీయే పెట్టాల బాబూ,
మా పెద్దదానికి పెట్టినారు కాదేటి, ఉడత తోకలాటిది."
పెద్దదాని కార్డు డి డ్రైవులో భద్రంగానే ఉంది.
తెరిచాను.
శ్రీ చోట ఖాళీ డబ్బా.
పెళ్ళికూతురి పేరు మూడు డబ్బాలు.
ముహూర్తం నిండా డబ్బాలు.

ఆ అక్షరాలు ఏ కంపెనీవీ కావు.
ఒక ముసురు నెల, పన్లేక,
గళ్ళకాగితం మీద గీసి, చెరిపి, గీసి
తవిటినాయుడు కట్టిన ఫాంటు అది.
తోక వంపు దగ్గర పదిరోజులు ఆగిపోయాడు.
నేను పక్కన కూచుని వేరుశెనక్కాయలు వలిచాను.

రీసైకిల్ బిన్ చూశాను.
నల్లతెర చెరిపినవి అక్కడికి రావు.

"గంటాగి రండమ్మా" అని
పెన్ డ్రైవు జేబులో వేసుకుని
బస్సు పోయేదాకా ఆగాను.
వెనక ఇంకోటి వస్తోంది.
అదీ పోయేదాకా ఆగాను.

తవిటినాయుడు ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తున్నాడు,
తలెత్తలేదు.
"ఏటి, పోనాదా?"
"పోనాది."
"పోనాదా, చెరిపీసినావా?"

వేడి ప్లాస్టిక్ వాసన.
కార్డు బయటికి వచ్చేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

చెయ్యి చాపాడు.
పెన్ డ్రైవుకి టోపీ ఎప్పుడో పోయింది.
నోట్లో గాలితో ఒకసారి ఊది
గుచ్చాడు.