ఏడువందల నలభయ్యో బండి

దక్షిణపు గేటు మూసి ఇవాళ్టికి పదకొండు రోజులు.
మూశామని వాళ్లు అనలేదు.
కంప్యూటర్లు మరమ్మతులో ఉన్నాయన్నారు.

గోబీలో ఈ నెల గాలికి పళ్లుంటాయి.
రాత్రికి డీజిలు గడ్డకడుతుంది.
బ్యాంబజావ్ తెల్లారకముందే దిగి
ట్యాంకు కింద ఒంటె పిడకలు రాజేస్తాడు,
చంటిపిల్ల పొట్టకి కాపడం పెట్టినట్టు
మంట తగలనీకుండా, సెగ ఒక్కటే తగిలేట్టు.
వెనక ట్రెయిలర్లో తొంభై టన్నుల బొగ్గు.
అందులోంచి ఒక్క పెళ్ల తీసి కాల్చుకోడానికి లేదు,
సీలు వేసేశారు.

నేను టీ అమ్ముతాను. పేరు దెల్గెర్మా.
పాత జీపు, మూడు థర్మాసులు, ఉప్పేసిన పాల టీ,
గొర్రెమాంసం కూరి వేయించిన రొట్టెలు.
మొదటి మూడు రోజులూ డబ్బిచ్చారు.
నాలుగో రోజు నుంచి పేర్లు రాసుకుంటున్నాను.
ఒక దేశం ఇంకో దేశం మీద అలిగితే
కప్పుకి ఎంత పడుతుందో
నా పద్దు పుస్తకంలో చూసుకోవచ్చు.

ఎందుకలిగిందో ఎవరికీ సరిగ్గా తెలీదు.
రాజధానిలో ఎవరో అతిథి దిగాడట, పిలవకూడని మనిషట.
కాదు, ఉత్తరాది పొరుగుతో ఏదో కాగితం మీద సంతకమట.
కాదు కాదు, మనవాడెవడో మైకు ముందు
"మిత్రుడు" అనాల్సిన చోట
"పొరుగువాడు" అన్నాడట.
ఒక్క మాట.
రెండు వేల బళ్లు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే,
మా వెనక గొయ్యి నిజంగానే ఉంది:
మెట్లు మెట్లుగా దిగిపోయే బొగ్గు గని.
మా నాన్న ఒంటెలు నీళ్లు తాగిన చోటు.
ముందున్నది మాత్రం నుయ్యి కాదు.
నుయ్యయితే నీళ్లన్నా ఉండేవి.

పెద్ద పొరుగుని తిట్టుకుంటూ కూర్చోలేను.
నా జీపు టైర్లు వాళ్లవి, థర్మాసులు వాళ్లవి,
ఈ పద్దు రాసే పెన్నూ వాళ్లదే.
డీజిలు ఉత్తరం వాళ్లది.
మనదంటూ ఉన్నది పాలూ ఉప్పూ అనుకున్నా.
మొన్న ఉప్పు ప్యాకెట్టు తిప్పి చూశాను.
పాలు మనవే.

గేటుకి అవతల సరంగూవా నూడుల్స్ కొట్టు.
ఆమె మాటా నా మాటా ఒకటే, రాతే వేరు.
ఆమెది పైనుంచి కిందికి జారే పాత రాత,
నాది ఉత్తరం వాళ్లు మా తాతకి దిద్దించిన అడ్డరాత.
అందుకే చీటీ రాసుకోం, ఫోనులో గొంతు పంపుకుంటాం.
"మీ బళ్లు రాక నా కుండ చల్లారిపోయిందే,
మా దొరలకి చెప్పలేను, మీ దొరలకన్నా చెప్పు" అంది.
మా దొరలా?
రేడియోలో వాళ్లు ఇరుగుపొరుగు స్నేహం
ఎన్నడూ లేనంత వెచ్చగా ఉందంటున్నారు.
బ్యాంబజావ్ రేడియో మీద అరచేతులు పెట్టి
కాచుకుంటున్నట్టు నటించాడు.
నవ్వితే పెదవులు చిట్లుతాయి, అయినా నవ్వాం.

పన్నెండో రాత్రి, రెండింటప్పుడు,
కంప్యూటర్లు బాగయ్యాయి.
ఎవరూ ఏమీ చెప్పలేదు, ముందు లైట్లు కదిలాయి.
నేను పరిగెత్తి తలుపులు బాదాను,
నిద్రలో ఉంటే వెనకవాడు దాటేస్తాడు.
బ్యాంబజావ్ కిటికీ దించి అరిచాడు:
"ముప్పయ్యొక్క కప్పులు! వచ్చేటప్పుడు ఇస్తా!"
వచ్చేటప్పుడు కూడా గేటు ఉంటుంది.

పొద్దున చూస్తే రోడ్డంతా ఖాళీ.
బండికొకటి చొప్పున నల్లటి గుండ్రటి మచ్చలు,
కనుచూపు మేర, పిడకల బూడిద.
ఎవరి మందో దారి దాటుతోంది.
మేకలు ఆగి, వాసన చూసి,
ఇంకా వెచ్చగా ఉన్న చోట్లు వెతుక్కుని
ఒక్కొక్కటీ పడుకున్నాయి.