గలగలమనే దాకా

ఫక్‌ఫక్.
పేరు వినగానే నవ్వొచ్చింది,
ఏదో పాత పడవ ఇంజను దగ్గినట్టుందని.
పపువా దీవికి పడమటి అంచున
కొండ జారిపోతూ జారిపోతూ
సముద్రాన్ని చూసి ఆగినచోట ఊరు.
చదునైన నేలంటే రేవు ఒక్కటే,
మిగతాదంతా మెట్లు.

నా పని మూడు రోజులది.
ఆటుపోట్లు కొలిచే యంత్రం
నాలుగు నెలలుగా ఒకే అంకె చెబుతోందట.
సముద్రం కదలడం మానేసిందేమోనని
ఎక్కడో ఆఫీసులో ఎవరికో భయమేసింది.
గొట్టంలో ఒక పీత కాపురం పెట్టింది, అంతే.
మొదటి మధ్యాహ్నానికే అయిపోయింది.
ఓడ మాత్రం రాలేదు.

"ఎప్పుడొస్తుంది?"
టికెట్ల గదిలో కుర్రాడు
కిటికీలోంచి నీళ్ళకేసి చూసి చెప్పాడు:
"ఇంకా కనబడటం లేదు."

ఒక్తోవినా ఇంట్లో పై గది.
ఇక్కడ అమ్మని మామా అంటారు.
అలా పిలిచిన ప్రతిసారీ
ఆమె మొహం మీద నాకో మీసం మొలిచి రాలిపోయేది.
ఎందుకు నవ్వుతున్నానో మూతి మీద వేలు పెట్టి చూపించాను,
గరిటె కింద పెట్టి మరీ నవ్వింది.

రోడ్డు వారంతా జాజికాయలు ఆరబోశారు.
టార్పాలిన్ల మీద జాపత్రి, ఎర్రగా,
ఎవరో ఇప్పుడే విప్పి పడేసిన జడకుచ్చుల్లా.
మోటారు సైకిళ్ళు తప్పించుకు పోతాయి,
కుక్కలూ తప్పించుకు పోతాయి,
నేనొక్కదాన్నే తొక్కాను.
ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన వంగి
నా చెప్పుకి అతుక్కున్న రేకుని తీసి, ఊది,
మళ్ళీ ఎండలో పెట్టాడు.

సానరాయి మీద రెండు చుట్లు తిప్పి
పసిపిల్ల నాలుకకి రాసేంత,
నాకు తెలిసిన జాజికాయ అంతే.
కిరాణా కొట్లో, చిన్న డబ్బాలో పుడుతుందనుకున్నాను.
దానికో చెట్టుందనీ,
కోతకి ముందు ఆ చెట్టుకి రవిక తొడిగి
అమ్మా అని బతిమాలతారనీ
ఏ కొట్టువాడూ చెప్పలేదు.

వంటింట్లో మూడు రాళ్ళ పొయ్యి.
గ్యాసూ ఉంది, దాని మీద మడతపెట్టిన బట్టలున్నాయి.
సగ్గుపిండి గంజిని రెండు పుల్లలకి చుట్టి
పళ్ళెంలోకి జారుస్తుంది, పైన పసుపు చేపల పులుసు.
నమలకూడదు, మింగాలి.
నేను నమిలాను.

గోడ మీద, ఎవరి చేతికీ ఊరికే అందనంత ఎత్తులో
మేకుకి ఒక గిన్నె.
"అది ఇద్రిస్‌ది," అంది. తమ్ముడు.
ఆమె ఆదివారం చర్చికి, అతను శుక్రవారం మసీదుకి.
పంది మాంసం తగలని గిన్నె, తగలని గరిటె.
ఆ మేకు వాళ్ళమ్మ పోయేముందు తనే కొట్టిందట.

పొయ్యి ఒకటి, రాళ్ళు మూడు అని ఇక్కడో సామెత.
"మీరిద్దరూ సరే, మూడో రాయి ఎవరు?"
పొగలోంచి నాకేసి చూసింది.
"ఎవరొస్తే వాళ్ళు. ఈ వారం నువ్వు.
కదలకుండా కూర్చో."

రాత్రి ఇద్రిస్ వచ్చాడు, మోకాళ్ళ దాకా తడిసి,
చేపలు సింకులో పడేసి, గిన్నె దించుకుని.
"నీ యంత్రం ఇప్పుడు ఎంతంటోంది?"
చెప్పాను.
"మా ఐదో మెట్టు తడిసింది. సరిపోయింది,"
అన్నాడు, బడిపిల్లకి మార్కులేసినట్టు.

తొమ్మిదో రాత్రి రెండు గంటలకి ఓడ కూసింది.
ఊరు ఊరంతా మెట్లు దిగింది,
గోనెసంచులతో, కోళ్ళతో, నిద్రలేవని పిల్లలతో.
ఒక్తోవినా నా గుప్పిట్లో ఒక కాయ పెట్టి మూసింది.
"పచ్చిది. ఎండితే పెంకులో గింజ వదులై
గలగలమంటుంది.
అప్పటిదాకా పగలగొట్టకు."

ఇవాళ్టికి ఇరవయ్యో రోజు.
బల్ల మీద తెర, తెర మీద ఆ రేవు నీటిమట్టం.
పదకొండున్నరకి గీత పైకి లేచింది.
ఐదో మెట్టు తడిసి ఉంటుంది.
మేకు మీంచి గిన్నె దిగి ఉంటుంది.

కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను.

ఇంకా లేదు.