రాయి కనిపించలేదు

విశాఖపట్నం మా మీదికి వస్తోందని
మొదట 900కె బస్సు కండక్టరు చెప్పాడు,
చిల్లర లెక్కపెడుతూ,
పెళ్ళివారు వస్తున్నారన్నంత మామూలుగా.
తర్వాత నోటీసు.
భీమిలి మున్సిపాలిటీ గోడకి అంటించింది నేనే,
మైదా జిగురు నా వేళ్ళకే.

ముప్పై రోజుల్లో అభ్యంతరాలు తెలుపవలెను.

తెలిపారు.
ఇంటిపన్ను మూడింతలవుతుందని ఒకరు,
కుళాయి వేళ మారితే డ్యూటీకెలా పోవాలని ఒకరు.
గవరయ్య మేష్టారు పదకొండు పేజీలు రాసి
పన్నెండో పేజీలో
'అయినా మీ ఇష్టం' అని సంతకం పెట్టారు.
గెడ్డ పక్క పల్లెలు మాత్రం
పట్నంలోకీ వద్దు, మీలోకీ వద్దు,
మమ్మల్నిలా ఒగ్గేయండన్నాయి.
అన్నిటికీ నంబర్లేసి, దారం కట్టి పంపాను.
కట్ట బరువు తెలుసు. చదివారో లేదో తెలీదు.

తగువంతా ఆ పల్లెల దగ్గరే.
గెడ్డకి ఇటు ఆశీలు మా కాంట్రాక్టరుది,
అటు పట్నం వాడిది.
మైలపల్లి కాసులమ్మ తట్టకి
రెండు చోట్లా రెండు చీటీలు చింపేవారు.
"ఒక్క కవ్వల తట్టకి ఇద్దరు మొగుళ్ళేటి బాబూ" అనేది.

సర్వేకి నేనూ వెళ్ళాను
గొలుసు రెండో కొస పట్టుకోడానికి.
ఎంత అప్పగిస్తున్నామో లెక్క తేలాలట,
దానికి సరిహద్దు రాయి కావాలట.
పటంలో ఉంది: తాటితోపుకి తూర్పున, నూట నలభై గజాలు.
తోపులో రెండు చెట్లు మిగిలాయి.
తూర్పున ఇసక. ఇసక తర్వాత నీళ్ళు.

మధ్యాహ్నం దాకా వెతికి
దాహానికి కాసులమ్మ గుమ్మం ముందు ఆగాం.
ఆమె కత్తి నూరుతోంది.
నల్లరాయి, ఒక పక్క గుంట పడింది.
పొలుసులు తుడిస్తే
సగం అంకె, ఒక బాణం తోక.

"ఇదెక్కడిది?" సర్వేయరు గొంతు తగ్గింది.
"మా మావ తెచ్చినాడు.
పెద్ద తుపానుకి ఒడ్డు కోసీసినప్పుడు
ఒరిగిపోయుంటే తెప్ప మీదేసుకొచ్చినాడు."
"ముందెక్కడుండేది?"

కత్తితోనే చూపించింది.
రెండో అల విరిగే చోటికి అవతల,
ఎవరిదో పడవ లంగరేసి ఊగుతున్న చోట.
"అక్కడ మా అత్తోరిల్లుండీది.
పొయ్యుండీది. మేక కట్టీ రాటుండీది."

ఎవరం ఏమీ అనలేదు.
నోటీసు లేకుండా, నెల గడువు లేకుండా
కలిపేసుకున్నదాని వైపు చూస్తూ
గొలుసు పట్టుకుని నిలబడ్డాం.
సర్వేయరు చెప్పులు తడిశాయి.
ఫీల్డు పుస్తకం తీసి
'రాయి కనిపించలేదు' అని రాసుకున్నాడు.
కాసులమ్మ చెంబు అందిస్తూ అడిగింది:
"మరి రేపట్నించి ఆశీలెవరికియ్యాల?"

ఇప్పుడు మాదొక జోను. నంబరుంది.
పాత రబ్బరు ముద్ర అప్పగించమని మెమో వచ్చింది.
దొరకలేదని రాసిచ్చాను.
సొరుగులో ఉంది.
ఎవరూ లేనప్పుడు చిత్తుకాగితం మీద గుద్దుతాను.
ఇంకు ఎండిపోయింది,
'ప' ఒక్కటే పడుతోంది.