నాలుగో కుక్క పేరు

రియో గయేగోస్‌లో గాలి ఆగదు.
ఆపరేషన్ గది కిటికీ రేకు రాత్రంతా కొట్టుకుంటూనే ఉంటుంది.
గొర్రెల బొచ్చు కత్తిరించే ఎవరిస్తో మన్సీయా
గుర్రం మీంచి పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు.

"మాట్లాడుతూ ఉండు" అన్నాను.
మర్యాదకి కాదు ఆ మాట.
చెయ్యి మొద్దుబారాలి, నాలుక మొద్దుబారకూడదు.
"ఏం మాట్లాడను?"
"నీ కుక్కల సంగతి చెప్పు."

మెడ కింద, ఎముక వెనక,
తెర మీద నల్లద్రాక్ష గుత్తిలా నరాలు.
పక్కనే రక్తనాళం, తన పని తాను చేసుకుంటూ.
సూది దించాను. వెనక్కి లాగి చూశాను. రక్తం లేదు.
అయిదు మిల్లీలీటర్లు.
"తిస్నాదో. మసిరంగుది. మంచులో కూడా దారి తప్పదు."
మళ్ళీ లాగి చూశాను. లేదు. మరో అయిదు.
"చిమాంగో. వట్టి దొంగ."
ఇంకో అయిదు.
"గార్సా. ముసల్ది, ఒక కన్ను పోయింది."
ఇంకో
"ప్లోమో."

ప్లోమో అంటే మా భాషలో సీసం.
బూడిదరంగు కుక్క అయి ఉంటుందనుకున్నాను.
"ప్లోమో ఏం చేస్తుంది?" అని అడిగాను కూడా, నవ్వుతూ.
అతను కుడిచేత్తో పెదాలు తడుముకున్నాడు.
"ప్లోమో," అన్నాడు, "నోట్లో."

సూది బయటికి లాగేశాను.
చెవుల్లో ఈల అన్నాడు, గాలేనేమో అన్నాడు,
ఆ తర్వాత అన్నది ఏ భాషలోనూ లేదు.
బల్ల దడదడలాడింది.
నెలిదా అప్పటికే ఆక్సిజన్ ముసుగు పట్టుకుని ఉంది,
ఎర్రపెట్టె సీలు పళ్ళతో తెంపింది.
ముర్రుపాలంత చిక్కటి కొవ్వుమందు
తప్పిపోయిన మందుని వెతుక్కుంటూ నెత్తుట్లోకి దిగింది.
మానిటర్ మీద గుండె గీత వెడల్పయి, కుంటి,
చాలాసేపటికి నడక అందుకుంది.
పదకొండు నిమిషాలని కాగితం మీద ఉంది.
నన్నడిగితే చెప్పలేను.

తెల్లారి చూడబోయాను.
ఎడమ రెప్ప వాలి ఉంది. సాయంత్రానికి లేస్తుందన్నాను.
ముందు పడ్డ మందు మాత్రం చేరాల్సిన చోటికే చేరింది:
ఆ చెయ్యి ఇంకా అతనిది కాలేదు.
తల్లి వదిలేసిన గొర్రెపిల్లని పట్టుకున్నట్టు
దాన్ని ఒళ్ళో పట్టుకుని కూచున్నాడు.

జరిగింది జరిగినట్టు చెప్పాను.
సూదిమొన వెంట్రుకవాసి కదిలి ఉంటుంది.
కదిపింది నా చెయ్యే.
విన్నాడు. చాలాసేపు కిటికీ రేకునీ విన్నాడు.

"ఇంతకీ నాలుగో కుక్క పేరు?"
"ఇప్పుడు చెప్పను," అన్నాడు.
"మోచెయ్యి ఇంకా విరిగే ఉందిగా."