ఆరో గడి

మలుతి కొండల మీద మాది రాత్రి బడి.
పశువులు దొడ్డి చేరాకే గంట మోగుతుంది.
గంటంటే గంట కాదు,
విరిగిన నాగలి కర్రు మీద నేను కొట్టే మూడు దెబ్బలు.

కాపరి పిల్లలు కంబళ్లు కప్పుకుని వస్తారు,
రబ్బరు బూట్లలో గడ్డి కుక్కుకుని.
చేతికర్రలు గుమ్మం పక్కన ఆనించి వస్తారు గానీ
కుక్కలు మాత్రం లోపలికే వస్తాయి.
వద్దని చెప్పీ చెప్పీ నా నోరే నొప్పెట్టింది.

ఇవాళ కిరోసిన్ దీపం వెలుగులో
నల్లబల్ల మీద ఆరు గడులు గీశాను.
పాత్రలు, చోటు, కాలం, చిక్కు, విడుపు, నీతి.
మసేరు నుంచి వచ్చిన పుస్తకంలో అలాగే ఉంది:
కోడిని కోసినట్టు కథని కీలుకీలుకీ విడదీయాలి,
ఏ ముక్క ఎక్కడిదో పిల్లలు చెప్పాలి.

కథ మాత్రం మా అవ్వ చెప్పింది.
"అనగా అనగా" అని నేనెత్తుకోగానే
పదిహేడు నాలుకలు అంగిట్లో టక్కుమన్నాయి,
వింటున్నాం, సాగనీ అని.

కరువు ఏడు. మంచు కురిసే రాత్రి.
ఒక ముసలమ్మ నిప్పు అడుక్కుంటూ వచ్చింది.
మొదటి ఇల్లు పెద్ద రైతుది,
నూరు గొడ్లు, మూడు జొన్న పాతర్లు.
ఆయన గుమ్మం దాకా కూడా రాలేదు.
"ఒరే, తరిమెయ్" అన్నాడు. తరిమేశారు.
ఊరి చివరి గుడిసె ఒక మొగుడు పోయినామెది.
పొయ్యిలో మూడు కణికలుంటే
రెండు తీసి ముసలమ్మ కుండపెంకులో వేసింది.
తెల్లారేసరికి ఆమె చాట నిండా జొన్నలు, నేలంతా జొన్నలు.
పెద్ద రైతు పాతర మూత తీస్తే
మెడలోతు బూడిద.

పాత్రలు ముగ్గురని తేల్చాం.
"మంచుని కూడా రాయండి" అన్నాడు ఫాకోవే,
"అది కురవకపోతే ముసలమ్మ కదిలేదా?"
రాశాను.
చోటు ఏదంటే అందరూ కిటికీ వైపు చూపించారు.
కాలం ఏదంటే, పోయినేడన్నారు.
చిక్కు దగ్గర కొంత కొట్లాట: చలి అని కొందరు,
కాదు, తలుపు అని కొందరు.

ఆరో గడికి నా దగ్గర జవాబు సిద్ధం.
పెట్టిన చేతికి పుట్టెడు.
సుద్దముక్కతో "పె" దాకా వచ్చాను.

"టీచరమ్మా, తరిమింది ఎవరు?"

మొట్లాట్సి. వెనక వరస.
మూడు నెలలుగా వాడి గొంతు నేను వినలేదు.
కూలి ఏడాదికి పన్నెండు గొర్రెలని ఒప్పందం,
రెండేళ్లు గడిచినా ఒక్కటీ వాడి చేతికి రాలేదు.

పెద్ద రైతు, అన్నాను.
"ఆయన గుమ్మం దాకా రాలేదన్నారుగా.
ఒరే అన్నాడు. ఆ ఒరే ఎవరు?"

పదిహేడు జతల కళ్లు
గుమ్మం పక్కనున్న చేతికర్రల మీదికి పోయాయి.

"జొన్నలన్నీ బూడిదయ్యాక
ఆ చలికాలం వాడేం తిన్నాడు?"

మా అవ్వ దగ్గర నూరుసార్లు విన్నాను ఈ కథ,
నేనే నూరుసార్లు చెప్పాను.
తరిమేశారు అనే ఆ ఒక్క మాట మీంచి
గొడ్డు వాగు దాటినట్టు దాటిపోయాను.

మొదటి గడి దగ్గరికి తిరిగి వెళ్లి
మంచు కింద "ఒరే" అని రాశాను.
పేరు అడిగితే ఎవరూ చెప్పలేదు.
అప్పటికే దీపం వత్తి కమురుకంపు కొడుతోంది.

అందరూ వెళ్లాక మొట్లాట్సి కర్ర తీసుకుంటూ ఆగాడు.
కుక్క కూడా ఆగింది.

"వాడు మలుపు దాకా అరుస్తూనే తరిమి ఉంటాడు,
యజమానికి వినపడాలి కదా.
మలుపు దాటాక చెయ్యి పట్టుకుని ఉంటాడు.
లేకపోతే ఆ మంచులో, ఆ చీకట్లో
చివరి గుడిసె ముసలమ్మకి ఎలా దొరికింది?"

నా జవాబు కోసం చూడలేదు.
ఈల వేశాడు, కుక్క వెంట నడిచింది.

పొద్దున పగటిబడి పిల్లలొచ్చి
నల్లబల్ల మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకున్నారు,
ఆరో గడిలో ఒంటరి "పె"తో సహా,
దాని పక్కనున్న ఖాళీని కొలిచి మరీ.